పేలిన తూటా, మిగిలిన ఇత్తడి

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి: దూసుకుపోయే గుండు, దాన్ని తోసే మందు, మందును అంటించే ప్రైమర్, మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. పేల్చాక మొదటి మూడూ ఖర్చయిపోతాయి. మిగిలేది ఇత్తడి. ఫైరింగ్ రేంజిలో దాన్ని ఖోకా అంటారు. తూటాలో తరచూ అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే కాబట్టి, అమెరికా లాంటి దేశాల్లో వేటగాళ్లు, టార్గెట్ షూటర్లు ఖోకాలు ఏరి తెచ్చుకుని, ఇంట్లోనే బాగుచేసుకుని మళ్లీ నింపుకుంటారు.

సికింద్రాబాద్‌లో అది ఇంట్లో చేసుకునే పని కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం తూటా భాగాలనూ, తూటాలు చేసే యంత్రాలనూ మందుగుండు కిందనే లెక్కగడుతుంది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే జైలే. 1806లో మొదలైన ఈ కంటోన్మెంట్‌లోనే సైన్యం ఆయుధ సామగ్రి నిల్వలు చూసే ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ శిక్షణ కేంద్రం ఉంది. పేల్చిన తూటాలకు సరిపడా ఖోకాలు లెక్క తేలనిదే రేంజిలో జవాన్ల పని అయిపోయినట్టు కాదు. ఇక ఎన్‌సీసీ కుర్రాళ్లు చేతబట్టే పాయింట్ టూ టూ రైఫిల్ తూటాకైతే రెండో బతుకే లేదు. దాని ప్రైమర్ మందు అడుగు అంచు మడతలో ఉంటుంది, పిన్ను ఆ అంచునే నొక్కేస్తుంది.

తొడుగు ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. ఈ పాళ్లకే ఇత్తడి బాగా సాగుతుంది. గిన్నెలా వత్తిన బిళ్లను దఫదఫాలుగా లాగి గొట్టం చేస్తారు. లాగిన ప్రతిసారీ లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది, కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. సికింద్రాబాద్–కాజీపేట రైలు దారిలో జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తూటా తొడుగుకు అడుగు గట్టిగా, మెడ మెత్తగా ఉండాలి. ఖోకాను బాగుచేయడమంటే ఈ తేడా చెడిపోకుండా చూసుకోవడమే.

ఇత్తడి గుణం గురించి లోకానికి పెద్ద పాఠం చెప్పింది మన వానాకాలం. 19వ శతాబ్దంలో భారత్‌లోని బ్రిటిష్ సైన్యం గుర్రపు సాలల్లో నిల్వ చేసిన తూటాల తొడుగులు, ఎవరూ పేల్చకుండానే, వానలు పడే నెలల్లో వాటంతటవే పగిలేవి. సికింద్రాబాద్‌లోని బొల్లారం, తిరుమలగిరి లైన్లలోనూ గుర్రపు దళాలు ఉండేవి. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. లాగినప్పుడు లోహంలో చిక్కుకుపోయిన బిగువు, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ కలిస్తే ఇత్తడి పగులుతుంది. తయారైన తొడుగును తక్కువ వేడి మీద కాసేపు కాల్చి ఆ బిగువు తీసేయడమే విరుగుడు. అందుకే ఖోకాలు తోమడానికి అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ నేటికీ నిషిద్ధం.

ఖోకా బాగుచేసే పని చూపుతోనే మొదలవుతుంది. మెడ పగిలినవీ నలిగినవీ పక్కన పడేస్తారు. తర్వాత శుభ్రం చేయడం: అక్రోటు పెంకుల పొడి గానీ మొక్కజొన్న కండెల పొడి గానీ వేసిన డ్రమ్ములో తిప్పుతారు, లేదా నీళ్లలో నిమ్మ ఉప్పు కాస్త కలిపి కడుగుతారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమడమూ ఇదే రసాయనం. పులుపు మితిమీరితే జింకు కరిగిపోయి ఇత్తడి ఎర్రబారుతుంది. మెరుపు కోసం అంత ఆరాటం అక్కర్లేదు, గరుకు మట్టి పోతే చాలు.

పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, తూటా కూర్చునే రైఫిల్ గది గోడలకు అతుక్కుని, ఒత్తిడి తగ్గగానే కాస్త వెనక్కి ముడుచుకుంటుంది. దాన్ని తిరిగి కొలతకు తెచ్చేది ఉక్కు అచ్చు. నూనె పూయకుండా దూరిస్తే ఖోకా అచ్చులో ఇరుక్కుపోతుంది, ఎక్కువ పూస్తే మెడ కింద వాలుగా ఉండే భుజం దగ్గర గుంటలు పడతాయి. పాత ప్రైమర్‌ను కూడా అదే అచ్చులోని సూది తోసేస్తుంది, అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటేనే. అది బాక్సర్ పద్ధతి. బెర్డన్ పద్ధతిలో రెండు చిన్న రంధ్రాలుంటాయి, సూది సాగదు. బాక్సర్ బ్రిటిష్ వాడు, బెర్డన్ అమెరికన్. విచిత్రంగా అమెరికాలో బాక్సర్, యూరప్‌లో బెర్డన్ స్థిరపడ్డాయి.

పేలిన ప్రతిసారీ, అచ్చులో దూరిన ప్రతిసారీ ఇత్తడి మెడ వైపుకు పాకి పొడుగవుతుంది. పాయింట్ త్రీ నాట్ ఎయిట్ రైఫిల్ తూటా తొడుగు పొడవు 51.18 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే మూతి గది చివర ఇరుక్కుని గుండును వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. 50.93కు కోసి, అంచు లోపలా బయటా నునుపు చేస్తారు.

మెడను కాల్చడంలోనే అసలు చెయ్యి తెలుస్తుంది. మంటలో తిప్పుతూ మెడ, భుజం మాత్రమే కొద్ది సెకన్లు వేడెక్కనిస్తారు. అడుగు మెత్తబడితే ఖోకా పనికిరాదు. సుమారు 4,000 వాతావరణాల ఒత్తిడిని ఆపాల్సింది అదే. చాలా సైనిక తూటాల మెడ మీద కనిపించే నీలి మరక ఫ్యాక్టరీలో ఇలా కాల్చిన గుర్తు.

ఇంత చేసినా ఖోకా ఆయువు పరిమితమే. పాత పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిళ్లలో గది వదులు, అందుకే వాటి తొడుగులు మరీ తొందరగా సాగిపోతాయి. అడుగుకు కాస్త పైన లోపలి గోడ పలచబడుతుంది. బయట మెరిసే సన్నని వలయం కనిపిస్తే తరువాతి కాల్పులో అక్కడే రెండుగా తెగుతుందని అర్థం. కొస వంచిన సన్నటి తీగను లోపల పాముతూ ఆ గాడిని ముందే పట్టుకుంటారు. అలాంటివి తుక్కుకు పోవాల్సిందే. అప్పుడు కూడా ప్రైమర్ పేలిందనీ లోపల మందు లేదనీ ఒక్కొక్కటి చూసి, మళ్లీ ఎవరూ వాడకుండా మూతి నలిపేస్తారు.