కూలిన విమానం, మారిన కథనం: రోల్డ్ డాల్ రచనల్లో ప్రకరణ వక్రత

ఒక సంఘటనను ఒకే రచయిత పలుమార్లు పలురీతుల్లో చెప్పినప్పుడు ఏ కథనాన్ని ప్రమాణంగా స్వీకరించాలి? ఆత్మకథాత్మక సాహిత్యాన్ని పరిశోధించేవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ తన విమాన ప్రమాదం గురించి చేసిన రచనలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో యుద్ధవిమాన పైలట్ అయిన డాల్ 1940 సెప్టెంబరు 19న గ్లాడియేటర్ విమానంలో తన 80వ స్క్వాడ్రన్‌ను చేరడానికి ఈజిప్టు పశ్చిమ ఎడారి మీదుగా బయలుదేరాడు. చేరవలసిన స్థావరం కనబడలేదు. చీకటి పడుతుండగా, ఇంధనం తరిగిపోతుండగా ఎడారిలో దిగబోయాడు. విమానం నేలను ఢీకొని కూలింది. ఆయన పుర్రె చిట్లింది, కొన్ని వారాలపాటు చూపు పోయింది. ఇందులో శత్రువు ప్రమేయం లేదు.

1942లో డాల్ వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో పనిచేస్తుండగా, నవలాకారుడు సి. ఎస్. ఫారెస్టర్ కోరికపై ఈ అనుభవాన్ని రాసి ఇచ్చాడు. అది ఆ ఏడాది ఆగస్టులో 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికలో 'షాట్ డౌన్ ఓవర్ లిబియా' అనే పేరుతో వెలువడింది. శీర్షికతోనే ప్రమాదం శత్రువు కూల్చివేతగా మారిపోయింది. 1946 నాటి 'ఓవర్ టు యూ' సంపుటిలో ఇదే వస్తువు 'ఎ పీస్ ఆఫ్ కేక్' అనే కథగా రూపొందింది. 1977లో డాల్ ఈ కథనే 1942 నాటి తన తొలి కథగా మళ్ళీ ప్రచురించాడు. రెండు పాఠాలూ ఒకటి కావని జీవితచరిత్రకారుడు జెరెమీ ట్రెగ్లోన్ చూపాడు. చివరకు 1986లో వచ్చిన 'గోయింగ్ సోలో'లో, తనను శత్రువు కూల్చలేదని డాల్ స్పష్టం చేసి, ఆ భావం పత్రికా సంపాదకుల చేర్పు అన్నాడు.

ఈ మార్పులను అసత్యాలుగా లెక్కకట్టి ఊరుకోవడం సాహిత్య విమర్శ పని కాదు. కుంతకుడు 'వక్రోక్తిజీవితం'లో ప్రతిపాదించిన ప్రకరణ వక్రత ఇక్కడ ఉపకరిస్తుంది. భారతంలో లేని దుర్వాస శాపాన్ని కాళిదాసు శాకుంతలంలో కల్పించాడు. దానివల్ల దుష్యంతుని విస్మృతి దోషం కాకుండా పోయింది. 1942 నాటి రచనలో శత్రువు గుండు నిర్వహించిన పాత్ర కూడా అదే. దారి తప్పిన పైలట్ దానివల్ల గాయపడిన వీరుడయ్యాడు.

అయితే ఈ పోలికకు ఒక హద్దుంది. శాకుంతలాన్ని చూసే సామాజికుడికి తాను నాటకం చూస్తున్నానని తెలుసు. యుద్ధకాలపు పత్రికా పాఠకుడు మాత్రం దాన్ని జరిగిన విషయంగానే చదివాడు. కల్పనకు అనుమతి ఇచ్చేది ప్రక్రియ. ప్రక్రియను మరుగుపరచిన చోట వక్రత ప్రచారంగా దిగజారుతుంది. ఈ కొలతతో చూస్తే ప్రకరణ వక్రత సార్థకమైనది 1946 కథలో. అక్కడ కూలడానికి కారణం అస్పష్టంగా ఉంటుంది. స్మృతి చెదిరిన కథకుడి కలలో, శత్రువు నవ్వి గురి తప్పాలని పైలట్లు విమానాలపై హాస్యచిత్రాలు గీస్తారు. వీరరసం వెనక్కి తగ్గి భయానకం హాస్యపు ముసుగులో వ్యక్తమవుతుంది.

చివరి పాఠమే పరమ సత్యమనీ అనలేము. 1946 కథలో ప్రమాదం తరువాత కథకుడి పక్కన ఉండి మాట్లాడేవాడు పీటర్. ఆ రాత్రి మరో పైలట్ సమీపంలో విమానం దింపి డాల్‌కు తోడుగా ఉన్నాడని జీవితచరిత్రకారుడు డొనాల్డ్ స్టరాక్ నిరూపించాడు. 'గోయింగ్ సోలో' ప్రమాద ఘట్టంలో ఆ తోడు లేదు. అంటే శత్రువును తొలగించి వాస్తవాన్ని సరిదిద్దిన పాఠమే స్నేహితుణ్ణి కూడా తొలగించింది. ఆ మేరకు కల్పితకథలోనే సాక్ష్యం నిలిచింది.

శ్రీశ్రీ 'అనంతం'ను ఆత్మచరిత్రాత్మక నవల అని పేర్కొనడంలో ఈ ప్రక్రియాస్పృహ కనిపిస్తుంది. మన ఆత్మకథలను చారిత్రక ఆకరాలుగా వాడుకునేటప్పుడు తుదిపాఠంతో సరిపెట్టుకోక, ఏ పాఠం ఎప్పుడు, ఎవరి కోసం, ఏ ప్రక్రియ పేరుతో వెలువడిందో పరిశీలించాలి. ఒక పాఠంలో ఉండి మరో పాఠంలో లేకుండా పోయిన మనుషులను వెతకడం ఆ పరిశీలనలో ముఖ్యభాగం కావాలి.