టిక్కుమనే చప్పుడు

టీవీ పెట్టగానే ఎర్రలైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. లోపల టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. మేడ్చల్, శామీర్‌పేట వైపు రిపేరు కొట్లలో మంచి మెకానిక్కు బోర్డు విప్పకముందే ఆ చప్పుడుకు చెవి ఒగ్గుతాడు. ఆ వినికిడి అంటే నాకెంతో గౌరవం.

టీవీకి కరెంటు అందించే ఫ్లైబ్యాక్ సప్లై తనంతట తానే లేవాలి. 230 వోల్టుల కరెంటు డయోడ్లు దాటి, పెద్ద కెపాసిటరులో నిండి సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. అందులోంచి ఒక పెద్ద విలువ రెసిస్టరు, బొట్టుబొట్టుగా అన్నట్టు, చిన్న కెపాసిటరును నింపుతుంది. సప్లైని నడిపే యూసీ3842 లాంటి ఐసీ దాదాపు 16 వోల్టుల దగ్గర మేల్కొంటుంది. ఆపైన దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌లోని అదనపు చుట్టే పోషించాలి. ఆ పోషణ అందేలోపు వోల్టేజీ 10కి పడిపోయిందా, మళ్లీ నిద్రే. ఆ టిక్కు అదే! చాలాసార్లు దోషి వేడికి ఎండిపోయిన ఆ చిన్న కెపాసిటరే. అవుట్‌పుట్ డయోడు షార్టయినా ఇలాగే టిక్కుమంటుంది కాబట్టి తొందరపడకూడదు. అసలు చప్పుడే లేకపోతే రెసిస్టరు తెగిందేమో చూడాలి.

రిపేరుకు దిగేటప్పుడు ముందు పెద్ద కెపాసిటరులో మిగిలిన చార్జి దించుతారు. ప్రాణాల మీది పని అది. తర్వాత కరెంటు వచ్చే దారిలో సిరీస్ బల్బు పెడతారు. ఒకసారి మెరిసి మసకబడితే నయం, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు. కొత్తగా వేసిన స్విచ్చింగ్ మాస్‌ఫెట్ కాలిపోకుండా కాచేదీ ఆ బల్బే.

మా టీవీకి 105 డిగ్రీలు తట్టుకునే కెపాసిటరు వేసి, స్విచ్చు నొక్కాడు మెకానిక్కు. టిక్కు లేదు. ఎర్రలైటు నిలకడగా వెలిగింది.