జంట గొంతులు - పాట మీద హక్కు

జానపద గేయం గ్రామఫోను రికార్డుకెక్కడం కేవలం సాంకేతిక విషయం కాదు. శ్రమ నుంచి పాట విడివడి వినోదంగా మారే క్రమంలో అదొక ఘట్టం. వింజమూరి సీత, అనసూయల పాత రికార్డులను మనం ఈ దృష్టితో వినాలి.

దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడళ్ళయిన ఈ అక్కచెల్లెళ్ళు పల్లెపదాన్ని సభకూ, రేడియోకూ, రికార్డుకూ తెచ్చారు. చదువుకున్నవాళ్ళు మోటు అని తోసేసిన పాటకు మర్యాద సంపాదించిపెట్టారు. అది చిన్న పని కాదు.

అయితే ఈ ప్రయాణంలో పాట రూపం మారింది. నాట్లలో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. పని ఎంతసేపో పాట అంతసేపు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలే. అందులో గుంపు పోయి రెండు గొంతులు ఒక్కటిగా సాగుతాయి. శ్రుతి కలుస్తుంది, మాట తేటపడుతుంది. కాని వంగిన నడుము వినిపించదు.

తుంగభద్ర ఒడ్డున రాజోలి మగ్గాల మీద నేసే గద్వాల చీరను చూడండి. నడుమ నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగునా కలపడంలోనే నేర్పంతా ఉంది. కొన్నవారు అంచును మెచ్చుకుంటారు. నేసినవాడి పేరు ఎవరూ అడగరు. పాట విషయంలోనూ జరిగింది ఇదే. గాయనుల పేర్లు మిగిలాయి. తరతరాలుగా పాటను మోసిన కూలి స్త్రీలందరికీ కలిపి ‘జానపదం’ అన్న ఒక్క మాట మిగిలింది. ఆ మాట రాసినవాళ్ళనూ మింగేస్తుంది: ‘మొక్కజొన్న తోటలో’ కొనకళ్ళ వెంకటరత్నం రచన అని ఎంతమందికి తెలుసు?

రికార్డే లేకపోతే ఈ మాత్రమైనా మిగిలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2009 అక్టోబరు వరద రాజోలిని ముంచెత్తి మగ్గాలను పాడుచేసింది. నోటి మీదే బతికే పాటకూ అలాంటి గండాలున్నాయి. భద్రపరచక తప్పదు. కాని ఎవరి పేరుతో?

దీనికి జవాబు సీత జీవితంలోనే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంపై గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ‘మా భూమి’కి సంగీతం కూర్చినవారిలో ఆమె ఒకరు. అందులో బండి యాదగిరి పాటను గద్దర్ పాడాడు. అక్కడ పాటకు కర్త ఉన్నాడు, కాలం ఉంది, శత్రువు ఉన్నాడు. కాబట్టి లోపం ఆమె గొంతుదీ కాదు, తరగతిదీ కాదు. పాటను దాని మనుషుల నుంచి వేరుచేసి అమ్మే పద్ధతిది.

ఈనాడు పాటలు సేకరిస్తున్న విద్యార్థులు, రచయితలు ఆ పద్ధతిని కొనసాగించకూడదు. పాటతోపాటు పాడిన మనిషి ఇష్టం అడిగి ఆమె పేరు, ఊరు, పాడుతూ చేసిన పని కూడా రాయాలి. ‘జానపదం’ అని మాత్రమే రాసి వదిలేస్తే సగం పాటే సేకరించినట్లు.