రెండు బస్తాల లెక్క

వానకాలపు కోతలు ముగిసి, నిజాంసాగర్ కాలువల కింది పొలముల వడ్లు బాన్సువాడ చుట్టుపట్ల కల్లములలో రాశులుగా పోసియుండు దినములలో, సాయంకాలము మా యరుగు మీదికి లెక్కలు చెప్పించుకొనుటకై వచ్చు ఎనిమిదవ తరగతి పిల్లలకు నేను ఏటేట నొక్క లెక్కనే మొట్టమొదట నిచ్చుచుందును: ఒక రైతు తన రాశిలో సగము విక్రయించి, మూడవ వంతు ఇంటికి తరలించి, తొమ్మిదవ వంతు కూలీలకు కొలువగా రెండు బస్తాలు మిగిలినవి, రాశి యెన్ని బస్తాలు? వడ్ల కుప్పకును, గణితమునందలి తెలియని పరిమాణమునకును మన భాషలో రాశి యనునదే పేరగుట నాకెంతో ప్రియమైన విషయము.

హారములైన 2, 3, 9లకు క.సా.గు. 18 అని పిల్లలు క్షణములో చెప్పుదురు. భిన్నములను దానిచే గుణించి 9, 6, 2 అని వ్రాసికొందురు. కాని మిగిలిన రెండు బస్తాలను మాత్రము ముట్టక విడుతురు. అప్పుడు 17 రాశులును 2 బస్తాలును కలిసి 18 రాశులకు సమమై, రాశి రెండే బస్తాలని తేలును. అమ్మగా, తరలింపగా, కొలువగా మిగిలినదే రెండు బస్తాలైనప్పుడు మొత్తము రెండెట్లగును?

ఈ యేడు ఒక బాలిక, “రెండు కింద ఏం లేదు గద తాతా, దాన్నెందుకు గుణించాలె?” అని యడిగినది. ప్రశ్న న్యాయమైనది. ఇరుపక్షములను సమానముగా గుణింపవలెనను సూత్రమును వల్లె వేయించుట దానికి సమాధానము కాదు.

18 చేత గుణించుట యనగా, అట్టి రాశులే పదునెనిమిది కల్లములో వరుసగా నున్నట్లు భావించుటయే యని చెప్పితిని. వాని సగములు కూడి తొమ్మిది నిండు రాశులు, మూడవ వంతులు ఆరు, తొమ్మిదవ వంతులు రెండు, వెరసి పదునేడు. పదునెనిమిదవ రాశి యెక్కడ? ప్రతి రాశి యొద్దను మిగిలిన రెండేసి బస్తాలన్నియు కలిసినదే యా రాశి: ముప్పదియారు బస్తాలు.

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహము’న ఈ క.సా.గు.నే నిరుద్ధమనెను; ఆ గ్రంథమును 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1150 నాటి ‘లీలావతి’లోని ఇష్టకర్మ ననుసరించి, రాశిని 18 అనుకొన్నచో ఒకటి మిగులును, మిగులవలసినవి రెండు గనుక రాశిని రెట్టింపు చేయవచ్చును, సుందరమైన మార్గమే గాని, సమీకరణమున విడి సంఖ్యలు రెండు మూడు చేరినచో అట్లు ఒక్క యూహతో తేలదు గనుక, నేను గుణింపునే ముందు నేర్పుదును.

ఆ బాలిక యీ పూర్వకథ వినుచున్నట్లు లేదు. నోటుబుక్కులో 18, 12, 4 అని వ్రాసి, కూడి, 36లో నుండి తీసివేసి, మిగిలిన 2 చుట్టు పెన్సిలుతో మెల్లగా గీత గీయుచున్నది.