ఆటపెట్టె వాకిట తెలుగు మాట

ఏ యింటనైనను కొత్త వస్తువు వచ్చి చేరినప్పుడు దాని వెల యెంత, పనితన మెట్టిది అని అడుగుట లోకసహజము. ఆ వస్తువు వచ్చిన పిదప ఇంటిలోని పెత్తనము ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినదని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్న వేసి చూచుటయే విమర్శకుని పని యని మా యభిప్రాయము. నాటకమును, పుస్తకమును విమర్శించు విధముననే మన నడిమింటిలోనికి వచ్చి కూర్చున్న యంత్రమును గూడ విమర్శింపదగును. అందుచే ఈ సంచికయందు మేము గేమ్ కన్సోలును పరిశీలనకు తీసికొంటిమి. పిల్లలు ఆడుకొనుటకై కొనిన యీ ఆటపెట్టె నేడు పలు గృహములలో టెలివిజనుకును, సినిమాకును, పాటకును సింహద్వారమైనది.

వ్యాసర్పాడి, పెరంబూరు ప్రాంతముల తెలుగు కుటుంబములు నిన్న మొన్న వచ్చినవి కావు. బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లును, రైల్వే కార్ఖానాలను నమ్ముకొని తరముల క్రిందట వచ్చి స్థిరపడినవారు మనలో పెక్కురు. మిల్లు 1996లో మూతపడినది. మనము ఇచ్చటనే నిలిచితిమి. మనతో తెలుగు మాట గూడ నిలిచినది. అది నిలుచుటకు ఇంటిలోని పెట్టెలు చేసిన సాయము తక్కువది కాదు.

దూరపు మాటను మన ఇంటికి తెచ్చిన మొదటి పెట్టె రేడియో. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమై, తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములను గూడ ప్రసారము చేసెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. ముల్లు త్రిప్పుట ఐదేండ్ల బాలునకును, ఎనుబదేండ్ల అవ్వకును ఒక్క తీరుననే సాధ్యము. పిమ్మట 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ వచ్చెను. 1995లో జెమిని, ఈటీవీ చానెళ్లు వచ్చి ప్రతిదినము తెలుగు వినిపించెను. 2003 సెప్టెంబరు 1 నుండి చెన్నైలో డబ్బు చెల్లించి చూచు చానెళ్లకు సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి యయ్యెను. 2019 ఫిబ్రవరి 1 నుండి చూచువారు తమకు వలసిన చానెళ్లను ఎంచుకొని వెల చెల్లించు పద్ధతి దేశమంతట అమలునకు వచ్చెను. తమిళనాట కట్టగట్టి యిచ్చు చానెళ్లలో తమిళమునకు అగ్రతాంబూలము సహజమే. తెలుగు కావలసినవారు అడిగి తీసికొనవలెను. ఇట్లు ప్రతి మార్పునందును మన భాష ఒక మెట్టు ఎడమగుచు వచ్చినను, అవ్వ చేతిలో రిమోటు మాత్రము నిలిచియే యుండెను. తన చానెలు అంకె ఆమెకు కంఠస్థము. ఆటపెట్టె వచ్చి మార్చినది సరిగా ఈ విషయమునే.

గేమ్ కన్సోలన నేమి? టెలివిజనుకు తగిలించి ఆటలాడుకొనుటకై నిర్మించిన కంప్యూటరు. ఒక్క హెచ్.డి.ఎం.ఐ. తీగతో తెరకును, వైఫైతో ఇంటర్నెట్టునకును అది కలియును. క్షణక్షణము కొత్త చిత్రములను గీయగల యంత్రమునకు సిద్ధముగా నున్న సినిమాను చూపుట పెద్ద పని కాదు. సోనీవారు 2000 మార్చిలో జపానునందు విడుదల చేసిన ప్లేస్టేషన్ 2 డీవీడీలను గూడ చూపగలిగినందున, ఆటలయందు ఆసక్తి లేని పెద్దలు సైతము దానిని కొనిరి. అది 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. 2008 నవంబరులో అమెరికాయందు మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ 360లో నెట్‌ఫ్లిక్స్ చేరుటతో డిస్కుతో పని లేకయే సినిమా చూచుటకు వీలు కలిగెను. 2013 మే 21న ఎక్స్‌బాక్స్ వన్‌ను లోకమునకు చూపినప్పుడు, ఆ సంస్థవారు టెలివిజనును గూర్చియే అతిగా చెప్పిరని ఆటలవారు ఎగతాళి చేసిరి. కేబులు పెట్టెను తెచ్చి దాని వెనుక తగిలించి, చానెళ్లను సైతము ఆ పెట్టె గుండనే చూచు ఏర్పాటు అందుండెను.

ఆ ముచ్చట ఎంతో కాలము సాగలేదు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్సులలో కేబులు పెట్టెను తగిలించు చోటునే తీసివేసిరి. సోనీవారు అమెరికాలో 2015లో ఆరంభించిన ప్లేస్టేషన్ వ్యూ అను టెలివిజను సేవ 2020 జనవరి 30న మూతపడెను. అనగా టెలివిజనును తామే నడుపు భారమును కంపెనీలు వదలుకొనినవి. ఇతరుల అప్లికేషన్లను వరుసగా పేర్చి చూపు వాకిలి పనిని మాత్రము విడువలేదు. మన దేశమున 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయల వెలకు విడుదలైన ప్లేస్టేషన్ 5 యందు ఆటలకొక విభాగము, మీడియాకొక విభాగము వేరువేరుగా కలవు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో, యూట్యూబ్ మున్నగునవి ఆ రెండవ విభాగమున కొలువుదీరును.

గుణములను చెప్పక దోషములనే యెన్నుట విమర్శ కాదు. ఈ పెట్టె చూపు బొమ్మ స్వచ్ఛము, ధ్వని గంభీరము. పాతబడి మందగించిన టెలివిజనుకు ఇది కొత్త ప్రాణము పోయును. డిస్కు పెట్టు చోటున్న పెట్టెయైనచో డీవీడీల కొరకు వేరొక యంత్రము అక్కరలేదు. ఇంతకంటె ముఖ్యమైన గుణము మరియొకటి కలదు. ఎవరి సెల్‌ఫోనులో వారు తలదూర్చి కూర్చుండు కాలమున, ఇది ఇంటివారినందరిని ఒక్క తెర ముందరికి తెచ్చును. వ్యాసర్పాడి ఫుట్‌బాల్‌కు పేరుపొందిన పేట. సాయంకాలము మైదానమున బంతి తన్నిన పిల్లవాడు రాత్రి అదే యాటను ఈ పెట్టెలో ఆడును. పిమ్మట అదే తెరపై విదేశపు మ్యాచి చూచును. తండ్రియు ప్రక్కన చేరును. ఇది సంతోషింపదగినదే.

ఇక దోషములు. మొదటిది వాకిలిని గూర్చి. కేబులు పెట్టెలో అవ్వ చేయవలసిన పనులు రెండు: మీట నొక్కుట, అంకె నొక్కుట. ఆటపెట్టెలో కంట్రోలరును మేల్కొలుపవలెను, ఎవరి ఖాతాయో చూపవలెను, మీడియా విభాగమునకు పోవలెను, అప్లికేషనును వెదకవలెను, అందులో మరల ఎవరి ప్రొఫైలో తెలుపవలెను, ఆ పిదపనే చూడదలచినదానిని వెదకుట. ఆ కంట్రోలరుపై అంకెలు లేవు. త్రిభుజము, వృత్తము, చతురస్రము, గుణకారపు గుర్తు కలవు. మనుమడు ఆడుచుండగా ఆ వాకిలి సైతము మూసియుండును.

“ఒరే నాయనా, మన తెలుగు పెట్టరా.”

“ఉండవ్వా, ఈ మ్యాచ్ అయిపోనీ.”

ఈ సంభాషణ మన పేటలో ఏ యింట వినబడదు? మ్యాచి ముగియును, మరియొకటి మొదలగును, అవ్వ నిద్రించును. ఇందు పిల్లవాని తప్పు లేదు. ఇంటిలోని ద్వారములన్నిటిని ఒక్కటిగా చేసి, తాళపుచెవిని ఒక్కని చేతికిచ్చిన ఏర్పాటుదే తప్పు.

రెండవ దోషము భాషను గూర్చి. ఈ పెట్టెలు తమ పట్టికలను చూపు భాషలలో తెలుగు లేదు. వెదకుటకు తెరపై ఇంగ్లీషు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరుకొనవలెను. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయు పద్ధతి ఇంటికొకటి. ‘గుండమ్మ కథ’లోని చివరి మాటను ఒకరు ‘కథ’ యని వినునట్లు, మరొకరు ‘కద’ యని వినునట్లు వ్రాయుదురు. ‘మాయాబజార్’ సంగతి యింకను చిత్రము. 1957లో కె.వి. రెడ్డిగారు దానిని తెలుగునను, తమిళమునను తీసిరి. తెలుగున అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు. తమిళమున జెమినీ గణేశన్. పేరొక్కటే యగుటచే, తమిళనాట వెదకినవారికి ఏది ముందు వచ్చునో చెప్పలేము. వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలతో ముడిపడిన చిత్రము, అదే నగరమున వ్యాసర్పాడిలో నున్న తెలుగు అవ్వకు చిక్కదు! ఇక తెలుగునకే ప్రత్యేకించి 2020 ఉగాదికి ఆరంభమైన ‘ఆహా’ వంటి సేవల సంగతి. ఏ యంత్రము కొరకు అప్లికేషను తయారు చేసిన లాభమో ఇట్టి సంస్థ లెక్క చూచుకొనును. మామూలు స్మార్ట్ టీవీలు అసంఖ్యాకములు, ఆటపెట్టెలు కొన్ని. కావున ఏ భాష ఇంటికి వచ్చుననునది మన కోరికవలన గాక రెండు కంపెనీల ఒడంబడికవలన నిర్ణయమగును.

మూడవది స్థిరత్వమును గూర్చి. సోనీవారు తమ దుకాణమున సినిమాలను అమ్ముట 2021 ఆగస్టు 31న నిలిపివేసిరి. మరుసటి యేడు అదే తేదీకి, జర్మనీ, ఆస్ట్రియా దేశములలో డబ్బిచ్చి కొనినవారి ఖాతాలనుండి సైతము స్టూడియోకెనాల్ సంస్థ చిత్రములను తొలగించిరి. మైక్రోసాఫ్టువారును 2025 జులై 18న సినిమాల అమ్మకము మానివేసిరి. ఇనుప పెట్టెలో దాచిన డీవీడీని ఎవ్వరును వచ్చి తీసికొనిపోలేరు. ఖాతాలోనిదాని సంగతి యట్లు కాదు.

నాలుగవది ఖర్చు. గుమాస్తా పని చేసి విరమించిన మాకు లెక్క చూడక తీర్పు చెప్పుట అలవాటు లేదు. సినిమా చూపునప్పుడు ఇట్టి పెట్టె సుమారు 60 వాట్ల విద్యుత్తు వాడునని పెట్టుకొందము. దినమునకు 5 గంటలైనచో, రెండు నెలల బిల్లునకు 18 యూనిట్లగును. టెలివిజను వెనుక గ్రుచ్చు చిన్న స్టిక్కు 4 వాట్లు వాడినచో అదే కాలమునకు ఒక యూనిట్టు చిల్లర. మన రాష్ట్రమున రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితమే. అయినను అందులో 18 యూనిట్లను వాకిలి కాపలాకు వెచ్చించుట దుబారాయే.

ఈ నాలుగింటిలో వెల, విద్యుత్తు మొదలగునవి ఎవరి స్తోమతును బట్టి వారు సరిపెట్టుకొనవచ్చును. మొదటి రెండును అట్టివి కావు. వానితో మన సంతానపు భాష ముడిపడియున్నది. 2006 నాటి చట్టము ననుసరించి ఈ రాష్ట్రపు బడులలో తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరి యయ్యెను. ఉన్న నేల భాషను నేర్చుట ధర్మమే. దానికి మేము వగవము. కాని దాని వెంట తెలుగు చదువు సన్నగిల్లినది. మన పిల్లలలో తెలుగు మాటలాడువారు కలరు, చదువగలవారు కొలది. కంటి బడి మూతపడగా మిగిలినది చెవి బడి. ఆ చెవి బడికి ఉపాధ్యాయిని అవ్వ, నల్లబల్ల తెర. సీరియలు చూచుచు అవ్వ పలికిన సామెత, పాత సినిమా నడుచుచుండగా ఆమె చెప్పిన వరుసలు, పద్యము వచ్చినప్పుడు ఆమె విప్పిన అర్థము — ఇవియే నేడు పిల్లవానికి తెలుగు పాఠములు. ఉపాధ్యాయినికి తలుపు తెరచుటకు వీలులేని బడిలో పాఠ మెట్లు నడుచును?

‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పేటికను మన పాఠకు లెరుగుదురు. తెరచినవారికి ప్రియమైనదానిని అది చూపును. శశిరేఖ తెరవగా అభిమన్యుడు కనబడెను. నేటి ఆటపెట్టెయు అట్టిదేయని కొందరు మురియుదురు. పోలిక సగమే సరి. ప్రియదర్శిని ఎవరు తెరచిన వారి ప్రియమును చూపెను. ఆటపెట్టె ఎవరి పేర ఖాతా యున్నదో వారి ప్రియమునే ఇంటిల్లిపాదికి చూపును. మనుమని ఖాతాలో అవ్వ కూర్చున్నను ఆమెకు కనబడునది ఫుట్‌బాలే.

అట్లని దీనిని పారవేయుమని మేము చెప్పము. కేబులుకు లేని ఒక శక్తి ఇందు కలదు. స్ట్రీమింగు సేవలలో కొన్ని చిత్రములకు తెలుగు అక్షరములు క్రింద వచ్చునట్లు ఎంచుకొనవచ్చును. చెవితో విన్న మాటనే కంటితో చదువుట గొప్ప అభ్యాసము. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.కు చెందిన బ్రిజ్ కొఠారీగారు ఈ సూత్రముతోనే గుజరాతు దూరదర్శన్ సినిమా పాటలకు అదే భాషలో అక్షరములు వేయించి, చదువు మరచుచున్నవారిచే చదివింపజూచిరి. మన పిల్లలకు ఇట్టిది ఎంత యవసరమో చెప్పనక్కరలేదు.

కావున మా తీర్పు ఇది: ఆటపెట్టె మంచి చిత్రకారుడు, చెడ్డ ద్వారపాలకుడు. చిత్రకారునిగా వాడుకొందము, ద్వారము మాత్రము దాని కప్పగింపవద్దు. కేబులు పెట్టెను తీసివేయక టెలివిజనునందలి వేరొక హెచ్.డి.ఎం.ఐ. చోటున ఉంచవలెను, ఆ రిమోటు అవ్వదిగా నుండవలెను. ఆటపెట్టెలో పెద్దల పేర ప్రత్యేకముగా ప్రొఫైలు తెరచి తెలుగు చిత్రములను ముందుగా నింపిపెట్టవలెను. కొనుటకు ముందే అంగడిలో మన తెలుగు సేవలు అందు కలవో లేవో చూపించుకొనవలెను. తెలుగు అక్షరములు ఎంచుకొను వీలున్నచోట ఎంచుకొనవలెను. దినమునకు ఒక గంట తెర అవ్వదని ఇంటిలో కట్టుబాటు చేసికొనవలెను. ఆ గంటలో మనుమడు ప్రక్కన కూర్చుండవలెను.

రాబోవు పెట్టెలు ఇంకెట్టివో మనకు తెలియదు. ఎట్టివి వచ్చినను, వెల యడుగుటకు ముందు ‘మా యింటి పెద్దది దీనిని తనంతట తెరువగలదా, తెరచిన తెలుగు వినబడునా’ యని మన కుటుంబములవారు అడుగుదురు గాక.