షించాన్ నవ్వూ, మన వెనుకచూపూ

ఇరవైయేళ్ళవాళ్ళు గతాన్ని తలచుకొని నిట్టూర్చడం వింతేమీ కాదు. వెంకటాచలం చుట్టుపట్ల కళాశాలల్లో యిప్పుడు వినిపించే నిట్టూర్పు మాత్రం షించాన్ కోసం. పెద్దలు దీన్ని అభిరుచి పతనమని వొక్కమాటలో తేల్చేస్తారు. వారు తోలుబొమ్మలాటను మరచినట్టున్నారు. రామాయణం నడుమ బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు తెరమీదికొచ్చి ఆడుకొనే బూతుమాటలకు పల్లెల్లో ముసలీముతకా కూడా నవ్వినవారే. మోటుతనమే దోషమైతే మన జానపదకళలో సగం కొట్టివేయవలసివుంటుంది. యెవరిని చూసి నవ్వుతున్నామన్నదే అసలు ప్రశ్న.

యొషితో ఉసుయి యీ బొమ్మలకథను 1990లో పెద్దలు చదివే వారపత్రికలో మొదలుపెట్టాడు. 1992లో అది జపాన్ టెలివిజన్‌కెక్కింది. 2006లో హంగామా ఛానెల్ దాన్ని మన పిల్లలకు చూపింది. తల్లిదండ్రుల ఫిర్యాదులమీద 2008లో నిషేధం వచ్చింది. మరుసటి యేడు కత్తిరింపులతో బొమ్మ తిరిగివచ్చింది. అంచేత నేటి విద్యార్థి తలచుకొని మురిసేది చాలామటుకు కత్తెరపడిన షించాన్‌నే. హిందీ అనువాదంలో తండ్రి హిరోషి హ్యారీ అయ్యాడు. జపాను పేరుకంటె ఇంగ్లీషు పేరే మనకు దగ్గరదని యెవరు నిర్ణయించారో! అతనిచేత తెలుగు పలికించిన కళాకారుల పేర్లు యీ అభిమానుల్లో యెంతమందికి తెలుసు?

కత్తెర యేం తీసేసినా హ్యారీ అప్పును తీసివేయలేకపోయింది. కసుకాబేనుంచి టోక్యోకు కిక్కిరిసిన రైలు, పైఅధికారి చీవాట్లు, ఇంటిమీద తీరని అప్పు, సాయంత్రానికి కంపుకొట్టే మేజోళ్ళు - మధ్యతరగతి ఉద్యోగి బతుకు మొత్తం అక్కడుంది. ఆ యింటి పరువును అయిదేళ్ళ పిల్లవాడు ఇరుగుపొరుగుల ముందు విప్పి పెడతాడు. బంగారక్క చేసేదీ అదే. యీ నవ్వుకు బలం వుంది, కాదనలేం.

కాని తల్లి వొంటినీ, ఆమె పొదుపునూ, వీధిలో కనబడిన ప్రతి పడుచుపిల్లనూ వేళాకోళం చేసే నవ్వూ యిందులోనే వుంది. మనవాళ్ళు దానికి అమాయకత్వమని పేరుపెట్టి దాటవేస్తారు. చిన్నప్పుడు నవ్వినదాన్నల్లా పెద్దయ్యాక సమర్థించుకోవలసిన పనిలేదు.

జ్ఞాపకం మరోచోట కూడా మోసంచేస్తోంది. చూసినవాళ్ళకు షించాన్ గుర్తున్నాడు, హ్యారీ గుర్తులేడు. వ్యాపారులకు కావలసిందీ అదే. 2025లో జపాన్‌లో విడుదలైన సినిమాలో షించాన్ భారతదేశానికే వచ్చాడు. ఆ యేడే మన సినిమాహాళ్ళకూ వచ్చాడు. బాల్యానికి టిక్కెట్టు పెట్టి అమ్మడం లాభసాటి బేరమే.

ఇసుజు వంటి జపాన్ కంపెనీల కర్మాగారాలున్న శ్రీసిటీ మనకు దక్షిణాన, చెన్నై రహదారిమీదనే వుంది. మన జిల్లాలో చదువు ముగించిన కుర్రవాళ్ళు అక్కడికి షిఫ్టు బస్సెక్కుతున్నారు. తిరుగుప్రయాణంలో ఫోనులో షించాన్ చూస్తూ, మేజోళ్ళ కంపు దగ్గర యిప్పటికీ పగలబడి నవ్వుతారు. అప్పటికి వారి బూట్లు విప్పి యెన్నో గంటలయివుంటుంది. పోనీ, హ్యారీకి అప్పు పుట్టేపాటి ఖాయమైన వుద్యోగం వుంది. కాంట్రాక్టు మీద చేరినవాడికి ఆ అప్పు కూడా పుట్టదు.