జార్జ్‌కి యాభై ఏళ్లొస్తే?

బెల్జియం దర్శకుడు జాకో వాన్ డోర్మేల్ 1996లో తీసిన ‘ది ఎయిత్ డే’ నాకు నచ్చిన సినిమా. డౌన్ సిండ్రోమ్ ఉన్న జార్జ్ ఒక సంరక్షణ కేంద్రం నుంచి బయటపడి, ఎప్పుడో చనిపోయిన అమ్మ కోసం బయల్దేరతాడు. దారిలో, భార్యాపిల్లలు దూరమైన హ్యారీకి తారసపడతాడు. జార్జ్‌గా వేసిన పాస్కల్ డ్యుకెన్‌కి నిజంగానే డౌన్ సిండ్రోమ్ ఉంది. హ్యారీగా వేసిన డానియల్ ఓతేయ్‌తో కలిపి ఆయనకి ఆ ఏడు కాన్‌లో ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు.

నా పేచీ అంతా ముగింపుతోనే. జార్జ్ తన ఒంటికి పడని చాక్లెట్లు తిని, మేడ మీంచి దూకేస్తాడు. సినిమా దాన్ని విముక్తిలా చూపిస్తుంది. దర్శకుడు ఒక ప్రశ్నని తప్పించుకున్నాడని నాకనిపించింది. అమ్మ లేదు, తోబుట్టువు ఇంట్లో ఉంచుకోలేనంది. మరి ఈ మనిషి ముసలివాడైతే?

1980ల మొదట్లో అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుర్దాయం సుమారు పాతికేళ్లు. ఇప్పుడది అరవై దాకా వచ్చింది. వయసుతో పాటే ఇంకో సంగతీ బయటపడింది. వాళ్లకి 21వ క్రోమోజోము రెండు బదులు మూడుంటాయి. అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్‌కి మూలమైన ఏపీపీ జన్యువు ఉండేది సరిగ్గా దాని మీదే. నలభై ఏళ్లకల్లా దాదాపు అందరి మెదళ్లలోనూ ఆ మేట కనిపిస్తుంది. చాలామందిలో డిమెన్షియా యాభైల్లో బయటపడుతుంది.

తొలి గుర్తు మతిమరుపే కానక్కర్లేదు. మొండికేయడం, ముభావంగా ఉండటం, ఇష్టమైన పని మానేయడం కావచ్చు. ‘వాళ్లంతేలే’ అని ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ వదిలేస్తారు. అందుకే బాగున్న రోజుల్లోనే, ముప్ఫైల్లోనే, ఆ మనిషి ఏమేం చేయగలడో రాసిపెట్టుకోమంటారు నిపుణులు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఏం మారిందో తెలియాలంటే పాత వెర్షన్ దగ్గరుండాలి.

‘ది ఫాదర్’ (2020) చివర్లో ఆంథనీ హాప్‌కిన్స్ అమ్మ కావాలని ఏడుస్తుంటే మనకి గుండె పిండేసినట్టవుతుంది. అప్పటిదాకా అతని దర్పం, వెటకారం, ‘ఇది నా ఫ్లాట్’ అన్న పంతం చూశాం కాబట్టి ఏం పోయిందో మనకి తెలుసు. జార్జ్ మాత్రం మొదట్నుంచీ అమ్మనే పిలుస్తుంటాడు. ఆమె అతనికి కనిపిస్తుంది కూడా. పాతికేళ్లవాడికి కనిపిస్తే అది కవిత్వం. యాభై అయిదేళ్లప్పుడు కనిపిస్తే, అది జబ్బని ఎవరు పోల్చుకుంటారు?

అలాగని ఈ సినిమా జార్జ్‌ని పూర్తిగా పసివాణ్ణి చేసిందనను. నాటలీ మీద ప్రేమ, పెళ్లి చేసుకోవాలన్న కోరిక అతనికి ఇచ్చింది. ఆ సన్నివేశాల్లో అతను నిండు మగవాడు. కానీ చివరికొచ్చేసరికి మళ్లీ దేవుడు ఎనిమిదో రోజున చేసిన బొమ్మగా మిగిల్చింది. మనమూ ‘దేవుడి బిడ్డ’ అంటుంటాం కదా, అదీ ఇలాంటి పొగడ్తే. ఎదగనివ్వదు.

1970లో పుట్టిన డ్యుకెన్‌ యాభై దాటారు. జార్జ్‌కీ ఆ వయసొచ్చిన కథ నాకు చదవాలనుంది. దాన్ని రాసేవాళ్లు ముందు అతనికి ఒక ఉద్యోగం, ఒక చెడ్డ అలవాటు, ఎవరితోనో తీరని తగాదా ఇవ్వాలి. అవి ఒక్కొక్కటే జారిపోతుంటే, అప్పుడు మనకి తెలుస్తుంది.